వ్యాపార విద్యార్థులకు సారాంశం రాయడం నేర్పే పద్ధతి: జీడిపిక్కల లెక్క నుంచి ఎగ్జిక్యూటివ్ సమ్మరీ దాకా

బీకాం, బీబీఏ, ఎంబీఏ తరగతుల్లో రెండు పేజీల నివేదిక ఇచ్చి సారాంశం రాయమంటే ఎక్కువమంది చేసే పని ఒకటే. ప్రతి పేరాలో మొదటి వాక్యం ఎత్తిరాస్తారు, చివరి పేరాను కొంచెం కుదిస్తారు, కాగితం ఇచ్చేస్తారు. వాక్యాలన్నీ నిజమే. కానీ అసలు నివేదిక చూడనివాళ్లు అది చదివితే సంగతేమిటో అంతుపట్టదు. ఇదంతా ఇంగ్లిష్ రాకపోవడం వల్లేనని గ్రామర్ పాఠం మొదలుపెడితే సెమిస్టర్ గడిచిపోతుంది, సారాంశం మాత్రం బాగుపడదు. లోపం రాతకంటే ముందే ఉంది. ఈ కాగితం ఎవరి కోసం, వాళ్లు దీంతో ఏం తేల్చుకోవాలి అన్న ప్రశ్న విద్యార్థి వేసుకోలేదు. ఆ ప్రశ్న లేనప్పుడు ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చే కొలత చేతిలో ఉండదు. అందుకే అన్నిట్లోంచీ తలా కాస్త తీసుకుంటారు.

1983లో ఆన్ బ్రౌన్, జీన్ డే అనే అమెరికాలో పనిచేసిన పరిశోధకులు దీన్ని వయసులవారీగా పరిశీలించారు. అనవసరమైన వాక్యం కొట్టేయడం చిన్న తరగతుల పిల్లలకే వస్తుంది. చదివినదాని సారాన్ని తన సొంత వాక్యంగా కూర్చడం మాత్రం కాలేజీ స్థాయిలోనూ చాలామందికి రాదని వాళ్లు చూపించారు. కాబట్టి మన శ్రమ పెట్టాల్సింది ఆ రెండో పని మీద. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీల్లో కామర్స్, మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే లెక్చరర్లు ఉన్న సిలబస్ మధ్యలోనే ఇమిడ్చుకునేలా ఈ క్రమాన్ని రాస్తున్నాం.

ఎంత సమయం, ఏం కావాలి

ఆరు వారాలు, వారానికి రెండు పీరియడ్లు చాలు. మొదటి పీరియడ్ చదవడానికీ మాట్లాడటానికీ, రెండోది రాయడానికీ దిద్దుకోవడానికీ. ఇంటికి పని ఇవ్వకండి. సారాంశం తరగతిలో, చేత్తో, కళ్ల ముందు రాయించాలి. విద్యార్థి ఎక్కడ ఆగిపోతున్నాడో అప్పుడే కనబడుతుంది. పాఠ్యం జిరాక్స్ ప్రతి ఒక్కరికీ ఉండాలి, కుడివైపు కనీసం రెండంగుళాల మార్జిన్ వదలాలి. ఒక ప్రతిని ముగ్గురు పంచుకుంటే మార్జిన్‌లో రాసే పనే జరగదు, సగం పద్ధతి అక్కడే పోతుంది. హైలైటర్లు మాత్రం బ్యాగుల్లోంచి తీయనివ్వకండి. పేజీ అంతా పసుపు పూసేస్తే ఏదో చదివామన్న తృప్తే తప్ప ఎంపిక జరగదు.

పాఠ్యం ఎంచుకునేటప్పుడు

మొదటి రెండు వారాలు విద్యార్థికి ముందే తెలిసిన వ్యాపారం గురించిన పాఠ్యమే ఇవ్వండి. పలాస–కాశీబుగ్గ జీడిపప్పు, పొందూరు ఖాదీ, బుడితి ఇత్తడి సామాను, విజయనగరం–బొబ్బిలి–రాజాం వైపు జూట్ మిల్లులు, పైడిభీమవరం మందుల కంపెనీలు, ఏదైనా సరే. జీడితోటలున్న ఉద్దానం నుంచి వచ్చిన పిల్లకు జీడిపిక్క అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. విషయం అర్థం చేసుకోవడానికి పోయే శక్తి మిగిలి, మొత్తం ఎంపిక మీదికి వెళుతుంది. తెలియని వ్యాపారం, తెలియని భాష, తెలియని ప్రక్రియ మూడూ ఒకేసారి మీద పడితే విద్యార్థి కాపీ కొట్టక ఏం చేస్తాడు?

నిడివి మొదట 150 పదాలు, తర్వాత 400, ఐదో వారానికి మూడు పేజీలు. దినపత్రిక వార్తతో మొదలుపెట్టకండి. వార్తలో మొదటి పేరానే సారాంశంగా ఉంటుంది కాబట్టి దాన్ని ఎత్తిరాస్తే పని అయిపోతుంది, ఏమీ నేర్చుకోరు. పాఠ్యపుస్తకంలోని నిర్వచనాల అధ్యాయమూ పనికిరాదు. అందులో ప్రతి వాక్యమూ అంతే ముఖ్యంగా కనబడుతుంది. కారణం, ఫలితం, ఒక నిర్ణయం, కొంత అనవసరపు సరుకు, ఈ నాలుగూ ఉన్న పాఠ్యం కావాలి. దొరక్కపోతే మీరే రాసుకోండి, అంకెలు కల్పితమని విద్యార్థులకు చెప్పండి. నాలుగో వారం నుంచి లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలు వాడవచ్చు. అందులో మేనేజ్‌మెంట్ డిస్కషన్ అండ్ అనాలిసిస్ భాగం (ఏడాది పనితీరును యాజమాన్యం వివరించేది) ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. కంపెనీల వెబ్‌సైట్లలో, స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో అవి ఉచితంగా దొరుకుతాయి.

మొదటి మెట్టు: చదివేది ఎవరో తేల్చడం

పాఠ్యం చేతికిచ్చే ముందే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాయండి. ఇది ఎవరు చదువుతారు? చదివి ఏం తేల్చుకోవాలి? వాళ్లకు ఎంత టైముంది? జవాబులు ఖాళీ వదలనివ్వకండి. "సార్ చదువుతారు, మార్కులేస్తారు" అనేది జవాబు కాదు.

పొందూరు ఖాదీ దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు, సన్నని నూలు చేతితో వడుకుతారు. ఇంత ఆసక్తికరమైన వివరం దొరికితే ప్రతి విద్యార్థీ దాన్ని సారాంశంలో పెడతాడు. ఆ సారాంశం నేతకారుల సంఘానికి వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడిపే డబ్బు) ఇవ్వాలా వద్దా అని చూస్తున్న బ్యాంకు మేనేజరుకైతే చేప దవడకు అందులో చోటు లేదు. నిల్వ ఎన్ని రోజులది, బకాయిలు ఎంత, ఆర్డర్లు ఉన్నాయా అన్నవే ఆయనకు కావాలి. అదే సారాంశం హైదరాబాద్‌లో చేనేత షోరూం కోసం సరుకు ఎంచుకుంటున్న కొనుగోలుదారుకైతే మొదటి వాక్యంలోనే ఆ దవడ ఉండాలి. ఎందుకంటే గుడ్డకు ధర పలికేది ఆ పనితనం వల్లే. ఒకే పాఠ్యానికి ఇలా ఇద్దరు పాఠకులను పెట్టి రెండు సారాంశాలు రాయించండి (మూడో వారం మొత్తం ఇదే). ఏ వివరమూ తనంతట తాను ముఖ్యం కాదన్న సంగతి ఉపన్యాసం ఇవ్వకుండానే తలకెక్కుతుంది.

రెండో మెట్టు: మూడుసార్లు చదవడం

మొదటిసారి పెన్ను ముట్టకుండా, మొదలు నుంచి చివరిదాకా. 400 పదాలకు మూడు నాలుగు నిమిషాలు. తెలియని మాట వచ్చినా ఆగకూడదు.

రెండోసారి ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో ఒక్క మాట. ఆ పేరా ఏం చెబుతోందో కాదు, అక్కడ ఏం పని చేస్తోందో రాయాలి: సమస్య, కారణం, అంకె, ఉదాహరణ, చరిత్ర, సూచన, షరతు. మొదట్లో విద్యార్థులు "జీడిపప్పు ధరలు" అని విషయం పేరు రాసేస్తారు. దాంతో ఉపయోగం లేదు. "కారణం" అని రాయగలిగితే ఆ పేరా దేనికి కారణమో వెతుక్కుంటారు, పాఠ్యంలో ఏది దేనికి కట్టి ఉందో అప్పుడు కనబడుతుంది. చరిత్ర, ఉదాహరణ అని పడ్డవి చాలావరకు పోతాయి. షరతు అని పడ్డది ఎప్పుడూ పోకూడదు. ఈ ఒక్క నియమం చాలా తప్పుల్ని ఆపుతుంది. "అయితే", "ఒకవేళ", "తప్ప" అని మొదలయ్యే వాక్యాలను విద్యార్థులు చిన్నవని వదిలేస్తారు, నిర్ణయం తిరగబడేది మాత్రం వాటి దగ్గరే.

మూడోసారి గీతలు. పేజీకి పన్నెండు మాటలకు మించి గీయకూడదని హద్దు పెట్టండి. వాక్యాలు గీయడం కాదు, మాటలు మాత్రమే. పదమూడో మాట గీయాలంటే ముందు గీసినదాంట్లో ఒకటి చెరపాలి, అంచేత ఈ పని పెన్సిల్‌తోనే.

మూడో మెట్టు: కాగితం బోర్లించి నోటితో చెప్పడం

ఈ మెట్టుకు వీలైనంత సమయం ఇవ్వండి. సిలబస్ తొందరలో మొదట ఎగిరిపోయేది ఇదే, ఇది పోతే మిగతావన్నీ డీలా పడతాయి.

విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టండి. ఇద్దరికీ వేర్వేరు పాఠ్యాలు ఇస్తే మంచిది, వినేవారికి నిజంగా తెలియదు కాబట్టి. చదివినవారు కాగితం బోర్లించాలి. పక్కవాళ్లు "ఏటి సంగతి?" అని అడగాలి. జవాబు తెలుగులో, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే. మొదట నిమిషం, తర్వాత అదే సంగతి అర నిమిషంలో, ఆపైన పది సెకన్లలో. పది సెకన్ల దగ్గరికి వచ్చేసరికి "అంటే ఏటంటే..." అని తడుముకుని, ఒక్క వాక్యం బయటికొస్తుంది: "పిక్కల రేటు బాగా పెరిగిపోయింది, పప్పు రేటు అంత పెరగలేదు, అందుకే అప్పు అడుగుతున్నాడు." ఆ వాక్యాన్ని విన్నవాళ్లు వెంటనే రాసి పెట్టాలి. చెప్పినవాళ్లు కాదు, విన్నవాళ్లు. చెప్పినవాళ్లకు రాయమంటే మళ్లీ పుస్తకభాషలోకి జారిపోతారు.

ఇంగ్లిష్ మీడియం క్లాసులో తెలుగు మాట్లాడించడమేమిటని కొందరు లెక్చరర్లు వెనకాడతారు. చివరి కాగితం ఇంగ్లిష్‌లోనే ఉండవచ్చు. కానీ అర్థం చేసుకోవడం, ఎంచడం, కూర్చడం అనే మూడు పనులూ తనకు బాగా వచ్చిన భాషలో అయిపోయాక, ఇంగ్లిష్‌కు మిగిలేది ఒక్క పనే. తెలుగులో పది సెకన్లలో చెప్పలేనివాళ్లు ఇంగ్లిష్‌లో వంద పదాల్లో రాయలేరు. సారాంశం తెలుగులోనే రాయిస్తున్నట్లయితే వాడుక భాషే రాయనివ్వండి. దాని కోసం గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు కొట్లాడింది ఈ ప్రాంతం నుంచే కదా. "పెరుగుదల సంభవించినది" అని రాసిన చోట "పెరిగింది" అని దిద్దితే నిడివి సగమవుతుంది, సంగతీ తేలికగా అందుతుంది.

నాలుగో మెట్టు: ఒక్క వాక్యం, ఆ తర్వాతే మిగతాది

నోటితో వచ్చిన ఆ వాక్యాన్ని కాగితం మీద మొదటి వాక్యంగా పెట్టించండి. ఇంగ్లిష్‌లో 25 పదాలలోపు, తెలుగులో 18 లోపు. తెలుగులో విభక్తులు, క్రియాప్రత్యయాలు మాటలకే అతుక్కుంటాయి కాబట్టి అదే సంగతికి పదాల లెక్క తగ్గుతుంది. రెండు భాషలకూ ఒకే హద్దు పెడితే తెలుగులో రాసేవాళ్లు సాగదీస్తారు. వాక్యంలో మూడు భాగాలుండాలి: ఏం జరిగింది, ఎందుకు, దానివల్ల ఏం చేయాలి లేదా ఏం అడుగుతున్నారు. "ఈ వ్యాసం జీడిపప్పు పరిశ్రమ గురించి చర్చిస్తుంది" అన్న వాక్యంలో ఈ మూడిట్లో ఒక్కటీ లేదు. అలాంటిది కనబడితే మిగతాది చదవకుండానే వెనక్కివ్వండి. ఆ వాక్యం కుదిరాక దాన్ని నిలబెట్టే రెండు మూడు వాక్యాలు చేర్చడమే మిగిలేది.

ఒక పాఠ్యం మీద మొత్తం పని

తరగతి కోసం రాసిన పాఠ్యం ఇది. యూనిట్, అంకెలు కల్పితం. పాఠకుడు బ్యాంకు బ్రాంచి మేనేజర్.

"పలాస దగ్గరి ఈ జీడిపప్పు యూనిట్ మూడు తరాలుగా నడుస్తోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం తోటలు దెబ్బతిన్నప్పుడు కూడా మూతపడలేదు. 35 మంది కూలీలు పనిచేస్తారు. రోజుకు 20 బస్తాల పిక్కలు ఆడిస్తారు, బస్తా 80 కిలోలు, బస్తాకు 22 కిలోల పప్పు వస్తుంది. డబ్ల్యూ 320 రకానికి గిరాకీ ఎక్కువ. గత ఏడాది బస్తా పిక్కలు సగటున రూ.9,000 ఉండగా ఈ ఏడాది రూ.10,800 అయ్యాయి. పప్పు ధర కిలో రూ.620 నుంచి రూ.650కి పెరిగింది. కూలి, ఇంధనం, ప్యాకింగ్ కలిపి బస్తాకు రూ.2,500 ఖర్చులో మార్పు లేదు. సీజన్‌లో స్థానిక పిక్కలు బస్తా రూ.9,600కు దొరుకుతుంటే, సీజన్ దాటాక దిగుమతి పిక్కలు రూ.11,400కు కొనాల్సి వస్తోంది. సీజన్‌లోనే 500 బస్తాలు అదనంగా కొని నిల్వ చేయడానికి యజమాని ఆరు నెలలకు రూ.48 లక్షల రుణం కోరుతున్నారు. 10 శాతం వడ్డీ కింద రూ.2.4 లక్షలు, గోదాము, తరుగు కింద రూ.1.6 లక్షలు ఖర్చవుతాయి. రెండు ధరల మధ్య తేడా బస్తాకు రూ.800 దాటకపోతే ఈ ప్రయత్నం గిట్టుబాటు కాదని దరఖాస్తులో పేర్కొన్నారు."

మామూలుగా వచ్చే సారాంశం ఇలా ఉంటుంది: "పలాసలో జీడిపప్పు యూనిట్ మూడు తరాలుగా నడుస్తోంది. 35 మంది పనిచేస్తారు. రోజుకు 20 బస్తాలు ఆడిస్తారు. పిక్కల ధర రూ.9,000 నుంచి రూ.10,800కు, పప్పు ధర రూ.620 నుంచి రూ.650కి పెరిగాయి. యజమాని రూ.48 లక్షల రుణం అడుగుతున్నారు."

ఒక్క అబద్ధం లేదు. మేనేజరు దీన్ని చదివితే రెండు ధరలూ పెరిగాయి కదా, ఇబ్బందేముంది అనుకుంటారు. కోరిన రుణానికీ ఆ ధరలకూ ఉన్న లంకె కనబడదు. తిరిగి చెల్లించే డబ్బు ఎక్కడినుంచి వస్తుందో లేదు. షరతు పూర్తిగా మాయమైంది. ఈ లోపాలను మీరు చెప్పకుండా విద్యార్థుల చేతే పట్టించాలి. ఒకరిని మేనేజరుగా కూర్చోబెట్టి ఈ కాగితం మాత్రమే ఇచ్చి, "రుణం ఇస్తారా?" అని అడగండి. అతను వేసే ప్రతి ప్రశ్ననూ బోర్డు మీద రాయండి. ఆ జాబితానే సారాంశంలో ఉండాల్సిన విషయాల జాబితా.

తర్వాత లెక్క చేయించండి. గత ఏడాది బస్తాకు పప్పు అమ్మకం 22 కిలోలు, రూ.620 చొప్పున రూ.13,640. పిక్కలకు 9,000, ఖర్చులకు 2,500 పోతే మిగిలేది రూ.2,140. ఈ ఏడాది రూ.14,300 లోంచి 10,800, 2,500 తీసేస్తే రూ.1,000. మిగులు సగానికి పైగా పడిపోయింది. పాఠ్యంలో ఈ వాక్యం ఎక్కడా లేదు, అయినా పాఠ్యం మొత్తం దాని చుట్టూనే తిరుగుతోంది. బ్రౌన్, డే చెప్పిన కష్టమైన పని ఇదే. ఇచ్చిన అంకెల నుంచి తేలే ఫలితాన్ని రాయడం సొంత అభిప్రాయం కలపడం కాదని విద్యార్థులకు గట్టిగా చెప్పండి. "యజమాని తెలివైన వ్యాపారి" అనడమే అభిప్రాయం.

లెక్క అయ్యాక రావాల్సిన సారాంశం: "పిక్కల ధర పెరిగినంతగా పప్పు ధర పెరగక బస్తాకు మిగులు రూ.2,140 నుంచి రూ.1,000కి పడిపోవడంతో యూనిట్ రూ.48 లక్షల రుణం కోరుతోంది. ఆరు నెలల ఈ రుణంతో సీజన్‌లోనే 500 బస్తాలు కొని నిల్వ చేస్తుంది. సీజన్‌లో, సీజన్ దాటాక ఉండే పిక్కల ధరల్లో ఇప్పటి తేడా (బస్తాకు రూ.1,800) నిలిస్తే వడ్డీ, నిల్వ ఖర్చులు పోను రూ.5 లక్షలు మిగులుతాయి. ఆ తేడా రూ.800 దాటకపోతే గిట్టుబాటు కాదు."

మూడు తరాలు పోయాయి, తిత్లీ పోయింది, డబ్ల్యూ 320 పోయింది. తిత్లీ తుపానును కొట్టేయడానికి మన పిల్లలకు చెయ్యి రాదు, వాళ్ల ఇళ్లలోనే దాని నష్టం ఉంది. ఆ బాధను తక్కువ చేయకుండానే, ఈ పాఠకుడికి ఈ నిర్ణయంలో అది అక్కరకు రాదని చెప్పాలి. బీమా కంపెనీకి రాసే కాగితంలో అదే మొదటి వాక్యమవుతుంది.

అంకెల దగ్గర జరిగే పొరపాట్లు

అంకెలు ఎక్కువైతే పాఠకుడికి ఏదీ గుర్తుండదు. నిర్ణయాన్ని మార్చే అంకె ఉంచండి, వర్ణించే అంకె తీసేయండి. 20 బస్తాలు వర్ణన, రూ.800 నిర్ణయం. ఇవికాక ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చే తప్పులు కొన్నున్నాయి, నాలుగో వారంలో వీటి మీదే కూర్చోవాలి.

శాతం, శాతం పాయింటు కలిపేయడం: లాభాల రేటు 8 శాతం నుంచి 10 శాతానికి పెరిగితే పెరుగుదల 2 శాతం పాయింట్లు, లేదా 25 శాతం. "2 శాతం పెరిగింది" అంటే తప్పు. పోలిక లేని అంకె: "అమ్మకాలు రూ.40 కోట్లు" అని ఆపేస్తే అది బాగుందో లేదో తెలియదు, గత ఏడాదిదో బడ్జెట్‌దో పక్కన ఉండాలి. త్రైమాసికాన్ని దాని ముందు త్రైమాసికంతో పోల్చారా, గత ఏడాది అదే త్రైమాసికంతోనా అన్నది రాయాలి. సీజన్ వ్యాపారంలో ఈ రెండూ పూర్తిగా వేర్వేరు చిత్రాలు చూపిస్తాయి. మిలియన్లను లక్షలు, కోట్లలోకి మార్చేటప్పుడు సున్నాలు జారిపోతాయి: 10 లక్షలు ఒక మిలియన్, కోటి అంటే 10 మిలియన్లు. విదేశీ నివేదిక నుంచి 250 మిలియన్లను 250 కోట్లుగా రాసినవారి కాగితంలో పదింతల తప్పు, 25 కోట్లు రాయాల్సింది. ఆర్థిక సంవత్సరం 2023–24 అంటే 2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 వరకు, దాన్ని ఉత్త "2023" అని కుదించకూడదు. వార్షిక నివేదికల్లో కంపెనీ ఒక్కదాని ఖాతాలూ, అనుబంధ సంస్థలతో కలిపిన ఖాతాలూ విడివిడిగా ఉంటాయి. ఒక వాక్యం దాన్లోంచి, ఒకటి దీన్లోంచి తీస్తే సారాంశం మొత్తం చెడిపోతుంది.

గుండు అంకెలు (రౌండ్ ఫిగర్లు) వాడనివ్వండి, రూ.4,87,32,615ను సుమారు రూ.4.87 కోట్లు అనవచ్చు. ఒకే సారాంశంలో ఒక అంకెను గుండుగా, ఇంకోదాన్ని పైసలతో రాయడం మాత్రం కుదరదు.

ఎవరన్నారో పోకుండా, ఎవరి మాటలూ ఎత్తకుండా

కంపెనీ అంచనా వేసినది, ఆడిటరు ధ్రువీకరించినది, విలేకరి అనుకున్నది, ఈ మూడూ సారాంశంలోకి వచ్చేసరికి ఒకే రకం నిజాలైపోతాయి. నోటితో చెప్పినప్పుడు "వచ్చే ఏడాది పెరుగుతుందంట" అన్నవారే రాసినప్పుడు "వచ్చే ఏడాది పెరుగుతుంది" అని తేల్చేస్తారు. "కంపెనీ అంచనా ప్రకారం" అన్న మూడు మాటలకు చోటివ్వాలి. దిద్దేటప్పుడు భవిష్యత్తు గురించిన ప్రతి వాక్యం కింద "ఎవరన్నారు?" అని రాయండి.

ఎత్తిరాతకు హద్దు తేలికగా పెట్టొచ్చు: పేర్లు, సాంకేతిక పదాలు తప్ప మూలంలోని నాలుగు మాటలు వరసగా సారాంశంలో కనబడకూడదు. పర్యాయపదాలు మార్చి వాక్యం అలాగే ఉంచడమూ ఎత్తిరాతే, పైగా అర్థం చెడుతుంది కూడా. "ఆదాయం" ఉన్నచోట "లాభం" పెట్టేస్తే తప్పు సమాచారమే. మూలం బోర్లించి రాస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. రాసాక అంకెలు, పేర్లు సరిచూడ్డానికి మాత్రమే తిప్పి చూడాలి.

చాట్‌బాట్‌తో సారాంశం చేయించుకోవడం ఇప్పుడు అందరి ఫోన్‌లోనూ అయ్యే పని. నిషేధించి కూర్చోవడంకన్నా ఐదో వారంలో ఒక పీరియడ్ దానికే కేటాయించండి. జీడిపిక్కల పాఠ్యానికే యంత్రం ఇచ్చిన సారాంశం ప్రింటు తీసి పంచండి. ఫలానా పాఠకుడని చెప్పకుండా అడిగితే అది కూడా అన్నిట్లోంచీ తలా కాస్త తీసుకుంటుంది. షరతు ఉందా, అంకెలు మూలంతో సరిపోయాయా, మూలంలో లేని మాట చేరిందా అని విద్యార్థులు వాక్యం వాక్యం పట్టి చూడాలి. రేపు ఉద్యోగంలో వాళ్లు ఎక్కువగా చేయబోయేది ఇదే, కాబట్టి దీనికీ మార్కులివ్వండి.

కేసు, మినిట్స్, ఎగ్జిక్యూటివ్ సమ్మరీ

ఐదో వారంలో మూడు పేజీల కేసును (ఒక సంస్థ ముందున్న సమస్యను వివరించే పాఠ్యాన్ని) ఇంగ్లిష్‌లో 150 పదాలకు కుదించాలి. కేసు సారాంశంలో పరిష్కారం రాయకూడదు. ఎవరు, ఏ తేదీలోపు, ఏ ఎంపికల మధ్య నిర్ణయం తీసుకోవాలి, ఏవి అడ్డం ఉన్నాయి అన్నంతవరకే. పరిష్కారం కలిపేస్తే తర్వాత చర్చ సాగదు.

సమావేశపు మినిట్స్ (అందులో ఏం తేలిందో రాసిపెట్టే పత్రం) త్వరగా నేర్పొచ్చు: తీర్మానం, బాధ్యత ఎవరిది, ఎప్పటిలోగా. ఎవరు ఎవరితో ఏమన్నారో అక్కర్లేదు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 118 ప్రకారం బోర్డు సమావేశం ముగిసిన 30 రోజుల్లోగా మినిట్స్ నమోదు కావాలని చెబితే కామర్స్ విద్యార్థికి దీని బరువు తెలుస్తుంది.

ఆరో వారం మొత్తం ఎగ్జిక్యూటివ్ సమ్మరీకి, అంటే పెద్ద నివేదిక మొదట్లో పెట్టే సారాంశానికి. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ నివేదికలు విద్యార్థుల దగ్గర ఎలాగూ ఉంటాయి, వాటినే తీసుకోండి. 20 పేజీల నివేదికకు ఒక పేజీ. మొదట్లో కూర్చునేది కాబట్టి మొదటే రాసేస్తుంటారు, అది చివర రాయాలి. లేకపోతే అందులో నివేదికలో లేనివి ఉంటాయి, ఉన్నవి ఉండవు. వరస కూడా నివేదికలా పరిచయం, పద్ధతి, ఫలితాలు అని పోకూడదు. ముందు సిఫార్సు, దాని కారణాలు, ఖర్చు, గండం, ఆ తర్వాతే పద్ధతి ఒక్క వాక్యంలో. "వివరాలు మూడో అధ్యాయంలో చూడండి" అన్న మాట ఉండకూడదు. ఆ పేజీ చింపి చేతికిస్తే ఒంటరిగా నిలబడాలి.

దిద్దడం

అరవైమంది ఉన్న తరగతిలో ప్రతి కాగితం పూర్తిగా దిద్దుతానంటే రెండో వారానికే చేతులెత్తేస్తారు. మొదటి మూడు వారాలు మొదటి వాక్యం ఒక్కటే చూడండి. ఒక్కోదానికి అర నిమిషం, మొత్తం అరగంట. ఆ వాక్యం కుదరకపోతే మిగతావి దిద్దడం వృథా.

తర్వాత 20 మార్కులు ఇలా పంచవచ్చు: ప్రధాన విషయం 6, ఎంపిక 4, అంకెలు, షరతులు 4, మూలం లేకుండా అర్థమవడం 3, సొంత మాటలు, భాష 3. భాషకు ఎక్కువ మార్కులు పెడితే తప్పులు రాకూడదని విద్యార్థులు మళ్లీ మూలంలోని వాక్యాలనే ఆశ్రయిస్తారు. స్పెల్లింగు తప్పులు ఎర్రసిరాతో చుట్టేయడం ఐదో వారం దాకా ఆపండి. హద్దు దాటిన పదాలు మాత్రం కొట్టేయండి. నూరన్న చోట నూట ఇరవై రాస్తే చివరి ఇరవై చదవం అని ముందే చెప్పండి.

ఆఖరి పరీక్షకు మీరు దిద్దకండి. మీ విద్యార్థుల ఎగ్జిక్యూటివ్ సమ్మరీలను పక్క డిపార్ట్‌మెంట్ తరగతికి, చరిత్రో జువాలజీయో చదివేవాళ్లకు, తలా ఒకటి ఇవ్వండి. రెండు నిమిషాలు చదవనిచ్చి కాగితం తీసేసుకుని మూడు ప్రశ్నలు అడగండి: ఏం చేయమంటున్నారు? ఎందుకు? ఎక్కడ తేడా కొట్టొచ్చు? జవాబులు చిన్న చీటీ మీద రాసి సమ్మరీకి పిన్ను చేసి రాసినవాళ్లకు ఇవ్వండి. మూడిట్లో ఒకటి తప్పినా తిరిగి రాయాలి. మొదటి జవాబు తప్పితే ప్రధాన వాక్యం, రెండోది తప్పితే కారణం లంకె, మూడోది తప్పితే షరతు పోయిందని విద్యార్థికే తెలిసిపోతుంది. రెండోసారీ మొదటి జవాబే తప్పినవాళ్లను కాగితం మీద కూర్చోబెట్టకండి, మూడో మెట్టుకు తీసుకెళ్లి, నివేదిక బోర్లించి, నోటితో చెప్పించండి.